ఎసెన్‌కుల్ ఉస్తా ఊరేగింపు

తాష్‌బులాక్ లోయలో ఉస్తాలకు, అంటే చేతిపని బాగా తెలిసిన మేస్త్రీలకు, కొదవ లేదు. జీనులు కుట్టే ఉస్తా ఉన్నాడు, పొయ్యిలు కట్టే ఉస్తా ఉన్నాడు, పళ్ళు పీకే ఉస్తా కూడా ఒకడున్నాడు గానీ ఆయన దగ్గరికి ఎవరూ రెండోసారి వెళ్ళరు. వీళ్ళందరినీ పేరుతో కలిపి పిలవాలి. పేరు లేకుండా ఉత్త ‘ఉస్తా’ అన్నారంటే అది ఒక్కడే, మోటార్‌సైకిళ్ళు బాగుచేసే ఎసెన్‌కుల్. అరవయ్యేళ్ళ మనిషి, నెత్తిన తెల్ల ఉన్ని టోపీ, మీసాలకు ఎప్పుడూ పెట్రోలు వాసన. ఆ రెండక్షరాల పిలుపంటే ఆయనకు ప్రాణం. ఎవరైనా మరచిపోయి ఎసెన్‌కుల్ అని పిలిస్తే వినపడనట్టే ఉంటాడు.

ఇంత పేరున్న ఉస్తా మోటార్‌సైకిల్ ఎక్కడు. గాడిద మీద వస్తాడు, గాడిద మీద పోతాడు. దానికో కథ ఉంది. సర్కారు గొర్రెల ఫారం నడిచిన రోజుల్లో, ఇరవయ్యేళ్ళ వయసులో, గ్యారేజీలో ఒక బండి బాగుచేసి, ఎలా పోతుందో చూడండంటూ ఎక్కి పోనిచ్చాడు. పోవడం బ్రహ్మాండంగా పోయింది. యాక్సిలరేటరు తీగ ఇరుక్కుని ఆగడం మాత్రం కుదరలేదు. ఫారం డైరెక్టరు గారు తన కూతురి పెళ్ళి విందులో నిలబడి మాట్లాడుతున్నారు. ఎసెన్‌కుల్ ఆ గుడారంలోకి ఒక పక్క నుంచి దూరి, పులావు బేసిన్ల మీదుగా, ఇంకో పక్క నుంచి బయటికొచ్చాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, డైరెక్టరు గారి ఉపన్యాసం మాత్రం మళ్ళీ మొదలవలేదు. ఆ మర్నాడే ఎసెన్‌కుల్ ఒక గాడిదను కొని దానికి డైరెక్టర్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఎక్కి తిరుగుతున్నది మూడో డైరెక్టర్.

ఆయన కుడి బొటనవేలి సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పుడు ట్రాక్టరు ఫ్యాను బెల్టులో పడి అడ్డంగా చీలింది. మానిందిగానీ గీత మిగిలిపోయింది. దేని మీద నొక్కినా ఆ గీత పడుతుంది. వెన్న గిన్నెలో వేలు పెట్టింది ఎవరో కనుక్కోవడానికి ఆయన భార్య ఏనాడూ ఇంకొకరిని అడగలేదు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. బండి తెచ్చి నిలబెట్టగానే స్పానర్లు తీసే రకం కాదు. ముందు ట్యాంకు మూత విప్పి సీటు మీద పెడతాడు. ట్యాంకులో పుల్ల ముంచి చూస్తాడు. వచ్చే పది బండ్లలో నాలుగింటి రోగం పెట్రోలు లేకపోవడమేనని ఆయన లెక్క. తర్వాత కిక్కు కొట్టించి, కళ్ళు మూసుకుని వింటాడు. సైలెన్సరు దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాడు. ఆఖర్న ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకుంటాడు. నల్లగా మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, గాలి చాలడం లేదు. తెల్లగా ఎండి ఉంటే పెట్రోలు అందడం లేదు, లేదంటే ఎక్కడో దొంగగాలి దూరుతోంది. ఇటుక రంగులో ఉంటే బండికేం రోగం లేదు, రోగం నడిపేవాడికి. కార్బురేటర్ జెట్టులో పొడవడానికి ఇనప తీగ ముట్టనివ్వడు, బెజ్జం పెద్దదవుతుందని. గుర్రపు తోక వెంట్రుకే వాడతాడు, అదీ తెల్ల గుర్రానిదే. తెల్లదే ఎందుకని అడిగితే మాట మార్చేస్తాడు.

ఇలాంటి ఉస్తాను ఆ ఏడు మూడు వారాల పాటు ఏడిపించింది బురుల్ బండి.

బురుల్ మొగుడు పై కొండల్లో గొర్రెలతో ఉంటాడు. కింద మేతబీడులో పది గుడారాల మధ్య ఒక గుడారం ఆమెది. గుర్రప్పాలు పులియబెట్టి, ఆ కుమిస్‌ను డబ్బాల్లో నింపి, పక్కతొట్టి ఉన్న పాత మోటార్‌సైకిల్ మీద కనుమ దాటించి రోడ్డు పక్క అమ్ముకొస్తుంది. ఆమెకు తోడుగా అత్తగారు బత్మకాన్ ఉంది. ఎనభయ్యేళ్ళు. కళ్ళు సరిగా ఆనవుగానీ నోరు మాత్రం పదునుగా ఉంటుంది.

జూన్ మొదట్లో ఆడగుర్రాలను తొలిసారి కట్టేసి పాలు పితికిన రోజున బీడంతా పండగ చేసుకుంది. పెద్దమనిషిగా ఉస్తాను పిలిచారు. ఆయన వెన్న గిన్నె పట్టుకుని, కట్టుతాడుకూ మేకులకూ గుర్రప్పిల్లల నుదుళ్ళకూ వెన్న పూసి, పాడి పొంగాలని దీవించాడు. అలా పూసిన వెన్నను ఎవరూ తుడవరు. తుడిస్తే దీవెన పోతుంది. వాన కడిగితే కడగాలి, కుక్క నాకితే నాకాలి, మనిషి చెయ్యి మాత్రం పడకూడదు.

ఆ మర్నాటి నుంచే బురుల్ బండి మొరాయించడం మొదలుపెట్టింది. గుడారం దగ్గర ఒక్క కిక్కుకే లేస్తుంది. మూడు నాలుగు కిలోమీటర్లు పోయాక దగ్గి, ఎగిరెగిరి పడి, ఆగిపోతుంది. కాసేపు ఊరుకుంటే మళ్ళీ లేస్తుంది. కబురందుకుని ఉస్తా వచ్చాడు. మూత విప్పి సీటు మీద పెట్టాడు, పుల్ల ముంచాడు, ఎత్తయిన చోటు కదా గాలి పల్చన, పెట్రోలు ఎక్కువవుతోందని తేల్చి, కార్బురేటర్ సూదిని ఒక గాటు కిందికి దించాడు. అరగంట సేపు బండి పాట పాడినట్టు తిరిగింది. మర్నాడు కనుమ దగ్గర ఆగింది.

రెండోసారి వచ్చి కార్బురేటర్ మొత్తం విప్పి, జెట్టుల్లో వెంట్రుక దూర్చి, ఎయిర్ ఫిల్టరు ఉతికి ఆరేశాడు. మూడోసారి కార్బురేటర్ అతుకు చుట్టూ సబ్బు నురగ పూసి, బుడగ లోపలికి పీల్చుకుంటుందేమోనని ముక్కు ఆనించి చూశాడు. లేదు. వచ్చిన ప్రతిసారీ ఆయన ముందు బండి బుద్ధిగా తిరిగింది. ఆయన వెళ్ళాక దారిలో చచ్చింది.

"ఏరా ఎసెన్‌కుల్, బండి నిన్ను చూస్తే సిగ్గుపడుతోందేంట్రా? కొత్త కోడలిలా నువ్వున్నంతసేపూ పని చేస్తోంది, నువ్వెళ్ళగానే పడుకుంటోంది" అంది బత్మకాన్. పేరు పెట్టి పిలిచినా ఆయన పలికేది ఆమె ఒక్కదానికే.

"బండిలో ఏం లేదు పెద్దమ్మా."

"బండిలో ఏం లేకపోతే నీలో ఏం లేదన్నమాట. రోడ్డు మీద గ్యారేజీ మనాప్ ఏమన్నాడో తెలుసా? కార్బురేటర్ చచ్చింది, పారేసి కొత్తది పెట్టుకోమన్నాడు. ఎల్లుండి లారీ తెచ్చి బండి ఎక్కించుకుపోతాడంట."

ఉస్తాకు అతని సంగతి తెలుసు. మనాప్ ప్లగ్గు వంక చూడడు, చెవి పెట్టి వినడు, పారేసి కొత్తది వెయ్యడం ఒక్కటే తెలుసు. బురుల్ బండి అతని దగ్గరికి పోతే రేపు పది గుడారాల బండ్లూ పోతాయి. బండ్లు పోతే పోనీ, ఆ రెండక్షరాలు కూడా లారీ ఎక్కి పోతాయి. అప్పటికి గుడారంలో పదిమందీ చేరి కుమిస్ తాగుతున్నారు. ఆయన రెండు గిన్నెలు తాగి ఉన్నాడు, మూడోది చేతిలో ఉంది. కోపమూ కుమిస్సూ కలిసి నోరు జారాడు.

"నేను సరిచేసిన బండి చెడదు! ఎవడిదో చెయ్యి పడింది దీని మీద. ఆ చెయ్యి ఎవడిదో రేపటికల్లా పట్టుకుంటా. పట్టుకుని, వాణ్ణి నా డైరెక్టర్ మీద తోకవైపు మొహం పెట్టి కూర్చోబెట్టి, పది గుడారాల చుట్టూ తిప్పుతా. తిప్పకపోతే నన్ను ఉస్తా అని పిలవకండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. డబ్బులు పెట్టినా అలాంటి ఊరేగింపు దొరకదు మరి.

మర్నాడు పొద్దున ఉస్తా ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఇంత ఎత్తులో ప్లగ్గు నల్లబడాలిగానీ తెల్లబడకూడదు. మొదటిరోజే ఇది చూసి ఉంటే సరిపోయేది. ఎత్తయిన చోటు కదా అని చూడకుండానే తీర్పు చెప్పేశాడు. తనను తాను లోపల్లోపలే తిట్టుకున్నాడు, బయటికి మాత్రం గంభీరంగా తల ఊపాడు.

"పెట్రోలు అందట్లేదమ్మాయ్."

"ట్యాంకు నిండుగా ఉంది కదా ఉస్తా."

"అందుకే చెప్తున్నా. ఇక్కడ నిలబెట్టి వింటే లాభం లేదు. అది ఎక్కడ చస్తుందో అక్కడ చూడాలి."

"అక్కడ చూడాలంటే ఎక్కాలి" అంది బురుల్, నవ్వాపుకుంటూ.

నలభై ఏళ్ళ తర్వాత ఎసెన్‌కుల్ మోటార్‌సైకిల్ ఎక్కాడు. ఎక్కాడనడం కంటే పక్కతొట్టిలో కుమిస్ డబ్బాల మధ్య ఇరుక్కున్నాడనడం నిజం. డైరెక్టర్ గడ్డి నమలడం ఆపేసి ఆయన వంక చూసింది. బండి కదలగానే ఆయన ఒక చేత్తో టోపీ, ఇంకో చేత్తో డబ్బా పట్టుకుని, దేవుడికి తెలిసిన భాషలన్నిటిలోనూ మొక్కుకున్నాడు.

"ఉస్తా, ఆ డబ్బా మూతలు మధ్యమధ్యన వదులు చెయ్యండి. కుదుపులకి కుమిస్ పొంగుద్ది. మూత బిగిసుంటే పేలిపోద్ది" అని బురుల్ అరిచింది.

ఆయన ఒక మూత వదులు చేశాడు. ఉస్సుమని గాలి బయటికొచ్చింది. రెండో మూత వదులు చేశాడు. అదీ ఉస్సుమంది. కాసిని నురగలు మీసాలకు అంటుకుంటే నాకేశాడు, భయంలో కూడా అది బాగుందని ఒప్పుకున్నాడు.

కనుమ కింది మలుపు దగ్గర బండి దగ్గింది. ఎగిరెగిరి పడింది. ఆగింది. ఉస్తా తొట్టిలోంచి దిగి, కాళ్ళ వణుకు తగ్గేదాకా బండిని పరీక్షిస్తున్నట్టు నటించాడు. తర్వాత నిజంగానే పరీక్షించాడు. కార్బురేటర్ గిన్నె కింది మర విప్పాడు. ఒక్క చుక్క రాలి ఆగిపోయింది. గిన్నె ఎండిపోయి ఉంది. పెట్రోలు గొట్టం పీకాడు. చుక్క, చుక్క, అంతే. ట్యాంకు ఊపితే గలగలమంటోంది, గొట్టంలోకి మాత్రం దిగడం లేదు.

"పొదుగు నిండిన ఆవు, పాలు ఇవ్వట్లా" అంది బురుల్.

అలవాటు చొప్పున ఆయన చెయ్యి ట్యాంకు మూత మీదకు పోయింది. విప్పాడు. ఉస్సు.

చిన్న చప్పుడు. గుడారాల మధ్య కుక్కల అరుపుల్లోనూ బత్మకాన్ మాటల్లోనూ అది ఎప్పుడూ వినపడలేదు. కొండ మీద గాలి కూడా లేదు, స్పష్టంగా వినపడింది. వెంటనే కింద గొట్టంలోంచి పెట్రోలు ధారగా పడి ఆయన బూట్లు తడిపింది. ఉస్తా గొట్టం మూసి, ట్యాంకు వంకా కుమిస్ డబ్బాల వంకా మార్చిమార్చి చూశాడు. కుమిస్ మూత విప్పితే గాలి బయటికొచ్చింది. ట్యాంకు మూత విప్పితే గాలి లోపలికి పోయింది. పెట్రోలు దిగినంత మేర లోపలికి గాలి రావాలి, రావడం లేదు. వచ్చే దారి మూత నడిమధ్య ఉన్న సన్నటి బెజ్జం ఒక్కటే. తను వచ్చినప్పుడల్లా చేసిన మొదటి పని మూత విప్పి సీటు మీద పెట్టడం. విప్పగానే రోగం పోయేది. తర్వాత ఎంత వెతికితే మాత్రం ఏం దొరుకుతుంది?

నవ్వొచ్చింది ఆయనకు. మూతను తిప్పి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

మూత నడుమ గుంటలో వెన్న గట్టిపడి ఉంది. దుమ్ము పట్టి నల్లబడి బెజ్జం మీద బిళ్ళ కట్టింది. చుట్టూ బండంతా బురుల్ తళతళలాడేలా తుడిచింది, ఆ గుంటను మాత్రం తాకలేదు. దీవెన వెన్న కదా, ఎలా తాకుతుంది? ఆ బిళ్ళ మీద ఒక బొటనవేలి అచ్చు ఉంది. అచ్చుకు అడ్డంగా ఒక గీత ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. పండగనాడు చివర్లో బురుల్ వచ్చి, ఉస్తా, నా ఇనప గుర్రానికి కూడా దీవెన పెట్టండని అడిగింది. గుర్రానికి నుదురు ఉంది, బండికి నుదురెక్కడ? ఆయన కాసేపు ఆలోచించి, మంచి చోటు చూసి, గట్టిగా నొక్కి మరీ పూశాడు.

"ఏంటి ఉస్తా?" అని అడిగింది బురుల్.

"ఏం లేదు. దుమ్ము" అన్నాడు ఆయన.

జేబులోంచి తెల్ల గుర్రం వెంట్రుక తీసి బెజ్జంలో దూర్చాడు. మొదటి రోజు కిందికి దించిన సూదిని మళ్ళీ పాత గాటుకు ఎత్తాడు. వెన్న బిళ్ళను గోరుతో ఎత్తి, పారేయడానికి మనసొప్పక, తుడిచిన పాపం ఎవరూ చూడకుండా చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. బండి కనుమ దాటింది, రోడ్డు చేరింది, కుమిస్ అమ్ముడుపోయింది, ఒక్కసారి కూడా దగ్గకుండా తిరిగొచ్చింది. దారి పొడుగునా ఉస్తాకు బండి చప్పుడు వినపడలేదు. జేబులో వెన్న కరుగుతోంది, అదొక్కటే తెలిసింది.

గుడారాల దగ్గర అందరూ ఎదురుచూస్తున్నారు. డైరెక్టర్‌కు అప్పటికే ఎర్ర గుడ్డ కట్టి ముస్తాబు చేశారు.

"దొరికిందా ఉస్తా?"

"దొరికింది. ట్యాంకు మూత బెజ్జం పూడుకుపోయింది."

"శభాష్! మరి పూడ్చింది ఎవడు? ఎవడి చెయ్యి?"

ఉస్తా మీసం దువ్వుకున్నాడు. "అదీ… దుమ్ము…" అని నసిగాడు.

"దుమ్ముకి చేతులుంటాయా?" అని బత్మకాన్ లేచింది. "నాకు తెలుసు. రోజూ ఆ బండిని గుడ్డ పెట్టి రుద్దేది మా కోడలే. ఆ గుడ్డ పీలికే దూరి ఉంటుంది. ఏమే బురుల్, నీ బండి కోసం మూడు వారాలు ఉస్తాని తిప్పి తిప్పి చంపావు కదే!"

అందరూ బురుల్ వంక చూశారు. బురుల్ ఉస్తా వంక చూసింది. ఆ ఒక్క చూపుతో ఆయనకు అర్థమైపోయింది. కొండ దగ్గర ఆమె కూడా ఆ అచ్చు చూసింది. చూసి, పెద్దవాడి పరువని నోరు మూసుకుంది. ఇప్పుడూ మూసుకునే ఉంది. హెల్మెట్ తీసి అత్త చేతికిచ్చి, తలగుడ్డ సర్దుకుని, గాడిద వైపు నడిచింది.

"బండి నాది. చెయ్యి కూడా నాదే అనుకోండి. ఎటువైపు కూర్చోవాలి అత్తమ్మా, తోక వైపేనా?" అంది.

ఎసెన్‌కుల్‌కు సిగ్గేసింది. డైరెక్టరు గారింటి పెళ్ళి విందులో కూడా అంత సిగ్గు పడలేదు. అప్పుడు తీగ ఇరుక్కుంది, ఇప్పుడు తన నోరే ఇరుక్కుంది. ఒక మనిషి తన పరువు కోసం గాడిద ఎక్కబోతుంటే చూస్తూ నిలబడితే, ఇక ఎవరు ఉస్తా అని పిలిచినా ఏ మొహం పెట్టుకుని పలుకుతాడు?

"ఆగమ్మాయ్!" అని అరిచాడు.

జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. వెన్న కరిగి సగం గుడ్డకు అంటుకుంది, అచ్చు చెరిగిపోయింది. సాక్ష్యం కూడా లేకుండా పోయింది. అయినా బొటనవేలు పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇదే ఆ చెయ్యి. పండగనాడు నేనే పూశా. బెజ్జం మీదే పూశా. మూడు వారాలు నా వేలి తప్పుని నేనే వెతికా. పొద్దున అచ్చు చూసి కూడా దుమ్మని అబద్ధమాడా."

ముందు బత్మకాన్ నవ్వింది. ఎనభయ్యేళ్ళ మనిషి నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, "దీవించి చంపావు కదరా!" అంది. "వచ్చే ఏడు మడ్‌గార్డుకి పూయి నాయనా, లేదంటే నీ మూతికి పూసుకో!"

మాట మాటే. ఉస్తా డైరెక్టర్ మీద తోకవైపు తిరిగి కూర్చున్నాడు. టోపీ సరిచేసుకున్నాడు. డైరెక్టర్ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, తన యజమాని మొహం కనపడాల్సిన చోట వీపు కనపడితే, ఇదేదో మనుషుల గొడవని నడక సాగించింది. పిల్లలు డబ్బాలు మోగించారు. గుడారం గుడారం దగ్గరా ఆడవాళ్ళు బయటికొచ్చి నవ్వారు. మూడో గుడారం దగ్గర ఎవరో చేతికి కుమిస్ గిన్నె కూడా అందించారు. ఉస్తా తల దించుకునే తాగాడు.

బురుల్ బండి స్టార్టు చేసింది. గాడిద వెనకే, మనిషి నడిచేంత వేగంతో నడిపించుకుంటూ వచ్చింది. ఉస్తా మొహం సరిగ్గా బండి వైపే ఉంది. తప్పించుకోవడానికి ఇంకో దిక్కు లేదు. మొదటి రెండు గుడారాలు ఆమె వంక చూడలేకపోయాడు. నాలుగో గుడారానికి బండి వంక చూశాడు. ఆరో గుడారానికి కళ్ళు మూసుకున్నాడు, చెవి పక్కకు వంచాడు. అన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ కదిలే బండికి ఎదురుగా కూర్చుని ఇంతసేపు వినలేదు. ఇంజను ఒక్క దెబ్బ కూడా తప్పడం లేదు. చుట్టూ నవ్వులూ డబ్బాల మోతా ఉన్నా ఆయనకు ఆ చప్పుడొక్కటే వినపడింది, మనసు కుదుటపడింది.

పదో గుడారం దాటుతుండగా కళ్ళు తెరిచాడు.

"అమ్మాయ్, బండి ఆగి ఉన్నప్పుడు తిరిగే స్లో కొంచెం ఎక్కువగా ఉంది. అర చుట్టు తగ్గించాలి."

"సరే ఉస్తా" అంది బురుల్. గాడిద ఆగగానే ఆయన దిగి స్క్రూడ్రైవర్ అడిగాడు.